గ్లాసు ఆఫీసులో డాస్ యాంటెన్నాలు ఎక్కడ బిగించాలి

మాదాపూర్, గచ్చిబౌలి వైపు చాలా ఆఫీసు భవనాలకు ఎండవేడి ఆపడానికి లోహపు పూత ఉన్న అద్దాలు బిగిస్తున్నారు. ఆ పూత మొబైల్ సిగ్నల్‌ను కూడా 20 డీబీకి (డెసిబెళ్లకు) పైగా, అంటే వందో వంతుకన్నా తక్కువకు తగ్గించగలదు. అందుకే లోపల డాస్ (డిస్ట్రిబ్యూటెడ్ యాంటెన్నా సిస్టమ్) పెట్టాల్సి వస్తుంది: ఒకే మూలం నుంచి కేబుళ్లతో పంచిన చిన్న యాంటెన్నాలన్నమాట. ఇది టెలికాం ఆపరేటర్ చేతుల మీదుగానే జరగాలి. అనుమతి లేని బూస్టర్ పెట్టడం చట్టవిరుద్ధం, పైగా దగ్గర్లోని టవర్‌కు నాయిస్ పెంచుతుంది.

ముందుగా ఫ్లోర్ ప్లాన్‌లో లిఫ్టులు, మెట్లు ఉన్న కాంక్రీటు కోర్ ఎక్కడుందో చూడండి. అంతస్తుకు ఒక్క యాంటెన్నాతో సరిపెట్టి, దాన్ని కోర్ పక్కన బిగిస్తే అవతలి సగమంతా నీడలో పడుతుంది. కోర్‌కు ఇరువైపులా వేరువేరుగా పెట్టండి. ఒకటి మాత్రం లిఫ్ట్ తలుపులకు ఎదురుగా రావాలి.

దూరం ఎంతుండాలో లెక్కకట్టే తేల్చాలి. 20 మెగాహెర్ట్జ్ ఎల్‌టీఈ (4జీ)లో సిగ్నల్‌ను మోసే 1200 సబ్‌క్యారియర్లు ఉంటాయి, పవర్ వాటన్నిటికీ పంచుకుపోతుంది కాబట్టి ఒక్కోదాని వాటాకు మొత్తం పవర్‌లో 31 డీబీ తీసేయాలి. యాంటెన్నా దగ్గర 15 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చి చెప్పే పవర్) ఉంటే ఒక్కో సబ్‌క్యారియర్‌కు మైనస్ 16. యాంటెన్నా గెయిన్ (యాంటెన్నా ఒక దిశలో పెంచే బలం) 2 కలపండి. 2100 మెగాహెర్ట్జ్‌లో 15 మీటర్లకు 62 డీబీ, రెండు జిప్సం గోడలకు 8, ఫేడింగ్ మార్జిన్‌కు (సిగ్నల్ హెచ్చుతగ్గుల కోసం వదిలే జాగాకు) 10 పోతే మిగిలేది మైనస్ 94 డీబీఎం. లక్ష్యం మైనస్ 95 అయితే 15 మీటర్లే హద్దు. మధ్యలో కాంక్రీటు గోడ వస్తే ఈ లెక్క చెల్లదు.

ఎక్కువమంది తడబడేది పవర్ పంచే దగ్గరే. అరంగుళం ఫీడర్ కేబుల్‌లో 2100 వద్ద 100 మీటర్లకు సుమారు 11 డీబీ పోతుంది. ఒక యాంటెన్నా 5 మీటర్లలో, ఇంకొకటి 40 మీటర్లలో ఉన్నప్పుడు పవర్‌ను సమానంగా పంచే స్ప్లిటర్ వాడితే రెండింటి మధ్య 4 డీబీ తేడా. దాని బదులు అసమానంగా పంచే 6 డీబీ కప్లర్ వేసి, తక్కువ పవర్ వచ్చే ట్యాప్ కొనను దగ్గరి యాంటెన్నాకు, ఎక్కువ పవర్ వచ్చే త్రూ కొనను దూరపుదానికి ఇస్తే తేడా 1 డీబీ లోపే ఉంటుంది.

పై అంతస్తుల్లో కష్టం వేరు. పూత లేని అద్దాలైతే కిటికీల దగ్గర దూరపు టవర్లన్నీ ఒకేసారి కనిపించి ఫోన్ ఏదో ఒకదాన్ని పట్టుకోవడానికి తడుముకుంటుంది. అక్కడ అన్ని వైపులకూ ప్రసరించే ఓమ్ని యాంటెన్నా వద్దు. ఒకవైపే ప్రసరించే ప్యానెల్ యాంటెన్నాను కిటికీ దగ్గర పెట్టి ముఖం లోపలికి తిప్పండి. కిటికీ పక్క సీట్లలో మన సిగ్నల్ బయటి దానికన్నా కనీసం 5 డీబీ ఎక్కువుండాలి.

రంధ్రాలు వేసేముందు స్టాండు మీద టెస్ట్ ట్రాన్స్‌మిటర్ పెట్టి, గది తలుపులు మూసి, నడుస్తూ కొలవండి. ఫాల్స్ సీలింగ్‌లోని జీఐ చానళ్లకూ ఏసీ డక్టులకూ ఆనేలా యాంటెన్నా బిగించకండి. తుప్పు పట్టిన ఇనుమూ వదులు కనెక్టర్లూ పిమ్ (సిగ్నళ్లు ఒకదానితో ఒకటి కలిసి పుట్టే అనవసర సిగ్నల్) పుట్టిస్తాయి. దాంతో అప్‌లింక్ (ఫోన్ నుంచి నెట్‌వర్క్‌కు వెళ్లే సిగ్నల్) పాడై కాల్స్ తెగుతాయి, ఫోన్‌లో బార్లు మాత్రం నిండుగానే కనిపిస్తాయి. 4.3-10 రకం కేబుల్ కనెక్టర్లను టార్క్ రెంచితో 5 న్యూటన్ మీటర్లకు బిగించండి. కేబుల్ వంపు వ్యాసార్థం 12.5 సెంటీమీటర్ల కన్నా తగ్గనివ్వకండి.

సెల్లార్‌లో ఒక యాంటెన్నాను ర్యాంపు మలుపు దగ్గరే పెట్టండి, బయటి సిగ్నల్ పూర్తిగా పోకముందే కారులోని ఫోన్ లోపలి సెల్‌కు మారిపోతుంది.