తద్ధితాలు, 7వ పాఠం: దాక్షిణాత్యులు

నామపదానికి ప్రత్యయం చేరి ఏర్పడే కొత్త మాట తద్ధితం. గత పాఠంలో అలాంటి 'పాశ్చాత్య' శబ్దాన్ని విడదీసి చూపి, తక్కిన దిక్కులకు మీరే మాటలు కట్టండని వదిలేయడం నా పొరపాటే. వచ్చిన జవాబుల నిండా 'దక్షిణాత్యులు', 'ఉత్తరాత్యులు' అనే రూపాలే కనిపించాయి. రెండూ అసాధువులు. అందుకే అనుకున్న సమాసపాఠాన్ని పక్కన పెట్టి, దక్షిణదేశంవారిని చెప్పే 'దాక్షిణాత్యులు' అనే ఈ ఒక్క మాట దగ్గరే ఆగుతున్నాను.

సంస్కృత వ్యాకర్త పాణిని అష్టాధ్యాయి 4.2.98 సూత్రంలో దక్షిణా, పశ్చాత్, పురస్ అనే మూడింటికే 'త్యక్' ప్రత్యయాన్ని విధించాడు. వాటిలో ఉత్తరం లేదు, ఉత్తరాదివారు 'ఔత్తరాహులు'. 'దక్షిణా' అన్నది 'దక్షిణాన' అనే అర్థమిచ్చే అవ్యయం కనుక 'ణా' దీర్ఘం మొదటినుంచీ ఉన్నదే. 'దా' దీర్ఘం మాత్రం ప్రత్యయం తెచ్చింది. త్యక్కు చివరి కకారం పలకడానికి కాదు, పదం మొదటి అచ్చుకు వృద్ధి (అకారం ఆకారంగా, ఉకారం ఔకారంగా మారడం) చేయమని చెప్పడానికి. అందువల్లే పశ్చాత్ పాశ్చాత్యమైంది, పురస్ పౌరస్త్యమైంది. అలాగైతే 'అమాత్యుడు'లో అకారం ఎందుకు దీర్ఘం కాలేదని ఒకరు అడిగారు. అక్కడ చేరింది త్యక్కు కాదు, త్యప్పు. 'అమా' అంటే వెంట. రాజు వెంట ఉండేవాడు అమాత్యుడు. పకారం వృద్ధి చేయించదు. ఇంత చెప్పాక కూడా 'దక్షిణాత్య' అని రాస్తే నాకు నిజంగా కష్టంగా ఉంటుంది.

పాణిని వ్యాకరణానికి వ్యాఖ్యగా రాసిన మహాభాష్యం మొదటి ఆహ్నికం (అధ్యాయభాగం)లోనే పతంజలి 'ప్రియతద్ధితా దాక్షిణాత్యాః' అన్నాడు. 'లోకే వేదే చ' (లోకంలోనూ వేదంలోనూ) అంటే సరిపోయేచోట వార్తికకారుడు, అంటే పాణిని సూత్రాలకు వివరణవాక్యాలు రాసిన కాత్యాయనుడు, లౌకిక, వైదిక అనే తద్ధితాలు వాడి 'లౌకికవైదికేషు' అన్నందుకు వచ్చిన మాట అది. దక్షిణాదివారి తద్ధితప్రీతిని చెప్పిన ఆ మాటే తద్ధితం కావడం వల్ల ఈ ప్రయోగమంటే నాకు ప్రాణం.

ఇక వాడుక. ఇది ఉత్తరాన నిలబడి చూసే మాట. కాశీలో స్థిరపడిన తెలుగువాడూ, తమిళుడూ, కన్నడిగుడూ దాక్షిణాత్యులే. గుంటూరులో కూర్చుని నెల్లూరువాసిని అలా అనడం కుదరదు. తంజావూరు, మధుర నాయకరాజుల కాలపు తెలుగు సాహిత్యం 'దక్షిణాంధ్ర సాహిత్యం'. దాన్ని 'దాక్షిణాత్య సాహిత్యం' అంటే తమిళ, కన్నడ, మలయాళాలూ అందులోకి వచ్చిపడతాయి. మామూలు వచనంలో నేను 'దక్షిణాదివారు' అనే రాస్తాను. సంస్కృత సమాసం కట్టవలసి వచ్చినప్పుడే దాక్షిణాత్య శబ్దాన్ని తీసుకుంటాను.

అభ్యాసం: కాశీలోని ఒక తెలుగు కుటుంబం గురించి పది వాక్యాలు రాయండి. దాక్షిణాత్యులు, దక్షిణాదివారు, ఔత్తరాహులు మూడూ రావాలి. ఒకదాని చోట మరొకటి పెడితే వాక్యం చెడాలి. తర్వాత 'తత్రత్య'లో చేరింది త్యక్కో త్యప్పో కారణంతో సహా తేల్చండి.