దసరాకి సెకండ్ హ్యాండ్ క్రూయిజర్ బైక్ కొంటున్నారా? డబ్బులిచ్చే ముందు ఇవి చూడండి

దసరా దగ్గరపడింది. అవెంజరో మీటియరో తక్కువకి వస్తోందని అనంతపురంలో మనవాళ్లు చాలామంది బెంగళూరు నుంచి కేఏ నంబర్ బండ్లు తెచ్చుకుంటారు.

- ఎన్‌ఓసీ, అంటే బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అభ్యంతరం లేదని అక్కడి ఆర్టీఓ ఇచ్చే కాగితం (ఫారం 28), చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. నేను ఇచ్చేశాను. తర్వాత అమ్మినాయన ఫోన్ ఎత్తలేదు, ఆ కాగితం కోసం నాలుగు నెలలు బెంగళూరు చుట్టూ తిరిగాను. ఇక్కడి నంబర్ రావాలంటే మన దగ్గర మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, ఆ లెక్క బేరానికి ముందే వేసుకోండి.

- ఆర్సీలో ఫైనాన్స్ వాళ్ల పేరుంటే ఫారం 35 అడగండి, అప్పు తీరిందని ఫైనాన్స్ వాళ్లు సంతకం పెట్టే కాగితం అది. అప్పు తీరిపోయిందన్న నోటిమాట చెల్లదు.

- ఛాసిస్ నంబర్, అంటే బండి ఫ్రేమ్ మీద కొట్టి ఉండే నంబర్, ఆర్సీతో సరిపోవాలి.

- పొద్దున్నే వెళ్లి ఇంజిన్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే మీరు రాకముందే స్టార్ట్ చేసి పెట్టారని అర్థం, చల్లగా ఉన్నప్పుడు ఎన్ని సెల్ఫ్‌లకి అందుకుంటుందో, ఏ శబ్దం వస్తుందో అప్పుడు మీకు తెలియదు.

- టైరు పక్కన నాలుగంకెలు చూడండి, 2319 అంటే 2019లో 23వ వారం. టైరు మీద గాడులు లోతుగా ఉన్నా పాత రబ్బరు గట్టిపడి పట్టు పోతుంది, మన ఎండలకి మరీనూ.

- మీటియర్ 191 కిలోలు. నడుస్తుంటే బరువు తెలియదు, దిగి వాలులో వెనక్కి నెట్టి చూస్తే తెలుస్తుంది.

- ఇంట్లోవాళ్లని వెనక కూర్చోబెట్టుకుని గుంతల రోడ్డు మీద ఒక రౌండు వేయండి. నడుం నొప్పి ముందు వాళ్లకే వస్తుంది.