వేరేవాళ్లు వాడిన పాల సీసా పాపాయికి పట్టొచ్చా? ముందు ఇవి చూసుకోండి

తెలిసినవాళ్లు ఇచ్చిన పాల సీసాలు బాగానే కనిపిస్తుంటే పారేయాలనిపించదు, పారేయక్కర్లేదు కూడా. కాకపోతే చాలామంది "ఓసారి మరిగిస్తే సరిపోతుందిలే" అనుకుని నేరుగా గిన్నెలో వేసేస్తారు. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ గీతలు పోవు, పాత ప్లాస్టిక్ కొత్తదైపోదు. అందుకే ముందు సీసా పనికొస్తుందో లేదో తేల్చుకోండి, కడగడం ఆ తర్వాత.

1. నిపుల్స్ తీసి పారేయండి. ఎంత బాగున్నా సరే, ఇందులో మొహమాటం వద్దు. వాడిన నిపుల్ లోపల చిరుగు ఉంటే కంటికి కనబడదు, ముక్క ఊడితే బిడ్డ గొంతులో అడ్డం పడొచ్చు. గాలి పోవడానికి చిన్న వాల్వు ఉండే సీసాలైతే అదీ కొత్తదే వేయండి.

2. ప్లాస్టిక్ సీసా అడుగున త్రికోణంలో అంకె చూడండి. 5 గానీ, పీపీ అని గానీ ఉంటే పాలీప్రొపిలీన్, దాని తయారీలో బీపీఏ (కొన్ని గట్టి ప్లాస్టిక్‌ల తయారీలో వాడే, పాలలోకి దిగే అవకాశమున్న రసాయనం) వాడరు. 7 ఉంటే కాస్త ఆగాలి, ఎందుకంటే అది "ఇతర ప్లాస్టిక్‌లు" అన్నింటికీ కలిపి వేసే అంకె. మంచివీ అందులోనే, బీపీఏతో చేసే పాలీకార్బొనేట్ కూడా అందులోనే. పాల సీసాల్లో బీపీఏని యూరోపియన్ యూనియన్ 2011లో, అమెరికా 2012లో ఆపేశాయి. కాబట్టి 7 పక్కన పీసీ (పాలీకార్బొనేట్) అని ఉన్నా, ఎప్పటిదో తెలియకుండా గాజులా గట్టిగా, తళతళలాడుతున్నా పక్కన పెట్టేయండి.

3. వెలుతురుకు ఎత్తిపట్టి చూడండి. లోపల బ్రష్ గీతలు, మసక, పాల వాసన ఉంటే వద్దు, ఆ గీతల్లో దాక్కున్న మురికిని ఏ బ్రష్షూ తీయలేదు. గాజు సీసా అయితే మూతి చుట్టూ జాగ్రత్తగా తడిమి చూడండి, గోరుకి చిన్న పెచ్చు తగిలినా పనికిరాదు.

4. కొలత గీతలు చెరిగిపోయాయా? దీన్ని చాలామంది పట్టించుకోరు. డబ్బా పాలలో నీళ్లు ఎక్కువైనా తక్కువైనా బిడ్డకు ఇబ్బందే. వంటింటి త్రాసు ఉంటే ఖాళీ సీసా తూచి, 100 మి.లీ. గీత వరకు నీళ్లు పోసి మళ్లీ తూచండి, తేడా సుమారు 100 గ్రాములు రావాలి.

5. ఇప్పుడు కడగండి. చేతులు కడుక్కుని, సీసాని ఏ భాగానికా భాగం విడదీసి, దీనికోసమే ఉంచిన గిన్నెలో వేడి సబ్బునీళ్లతో, విడి బ్రష్‌తో తోమండి. సింక్‌లో పడేసి తోమొద్దు, అక్కడ అంట్ల మురికి ఉంటుంది.

6. అన్నీ మునిగేలా నీళ్లు పోసి, మరగడం మొదలయ్యాక 5 నిమిషాలు ఉంచండి. మామూలు గాజు సీసాను చల్లటి నీళ్లలోనే పెట్టి వేడి చేయాలి, లేదంటే పగులుతుంది. తీశాక గుడ్డతో తుడవకుండా గాలికే ఆరనివ్వండి. రెండు నెలల్లోపు పిల్లలకు, నెలలు నిండకుండా పుట్టినవాళ్లకు ఈ మరిగించడం రోజూ చేస్తే మంచిది.

7. కొత్త నిపుల్ బిగించి, నీళ్లు పోసి తలకిందులు చేయండి. పసిబిడ్డకైతే చుక్కలు చుక్కలుగా పడాలి, ధార కడితే ఆ నిపుల్ పెద్దపిల్లలదన్నమాట. రింగు పక్కనుంచి కారుతుంటే మరీ గట్టిగా తిప్పకండి, ముందు నిపుల్ అంచు సరిగ్గా కూర్చుందో లేదో చూడండి. కూర్చున్నా కారుతోందంటే మరలు అరిగినట్టే, లేదా ఆ నిపుల్ ఆ సీసాది కాదు.