గడప దగ్గర తూలకుండా: పెద్దవాళ్లు తాయ్ చీ ఎలా మొదలుపెట్టాలి?

మా బాపుకు 74 ఏళ్లు. పొద్దున్నే వరంగల్ భద్రకాళి చెరువు బండ్ మీద హాయిగా నడిచొస్తాడు. అదే మనిషి బాత్రూం గడప దగ్గరికి రాగానే తలుపు చెక్క పట్టుకుంటాడు. నడక వేరు, ఒంటికాలి మీద బరువు ఆపి రెండోది ఎత్తడం వేరు. మెల్లటి కదలికలతో చేసే చైనావాళ్ల వ్యాయామం తాయ్ చీ నేర్పేది ఈ రెండోదే. అమెరికాలో పడిపోయే ముప్పున్న, 70 దాటిన 670 మందితో చేసిన అధ్యయనం 2018లో అచ్చయింది. వారానికి రెండుసార్లు, గంట చొప్పున, 24 వారాలు తాయ్ చీ చేసినవాళ్లు, ఉత్త ఒళ్లు సాగదీసే వ్యాయామం చేసినవాళ్ల కంటే సగానికి పైగా తక్కువసార్లు పడ్డారు.

ముందు చోటు చూసుకోండి. సాన్పు చల్లిన వాకిలి వద్దు, జారుతుంది. బరువైన చెక్క కుర్చీని, ముందువైపు గోడకు ఆనేలా పెట్టి, దాని వెనక నిలబడండి. ప్లాస్టిక్ కుర్చీ పనికిరాదు. హవాయి చెప్పులు విప్పేయండి. షుగర్‌తో అరికాళ్లు మొద్దుబారినవాళ్లు మాత్రం మడమను పట్టి ఉంచే బూట్లు వేసుకోవాలి.

పాదాలు భుజాలంత ఎడం, మోకాళ్లు కాస్త వదులు, చూపు ఎదురుగా. ఇప్పుడు బరువును కుడికాలి మీదికి తేవాలి. ఒక బిందెలోంచి ఇంకో బిందెలోకి నీళ్లు ఒంపినట్టు, మెల్లగా, మనసులో ఆరు లెక్కపెడుతూ. కుడి అరికాలు నేలను అదుముతుంది, ఎడమ మడమ దానంతటదే తేలికవుతుంది. తాయ్ చీలో వీటిని నిండు కాలు, ఖాళీ కాలు అంటారు. తర్వాత ఎడమవైపు. మొదటి వారం ఇంతే, రోజూ పది నిమిషాలు. విసుగొస్తుంది, రానివ్వండి.

రెండో వారం ఖాళీ కాలును ముందుకు చాపి మడమ ఒక్కటే ఆనించండి. తూలకుండా దాన్ని వెనక్కి తీసుకోగలిగితే బరువు నిండు కాలి మీదే ఉన్నట్టు. అప్పుడే బరువును ముందుకాలి మీదికి ఒంపండి. మోకాలు బొటనవేలిని దాటకూడదు. ఇది కుదిరాక, నిలబడి ఊపిరి పీలుస్తూ చేతులు భుజాల దాకా ఎత్తడం, వదులుతూ దించడం.

కుర్చీని ఒకేసారి వదలొద్దు. రెండు అరచేతులు, తర్వాత ఒకటి, తర్వాత రెండు వేళ్లు. మా బాపు రెండు వేళ్ల దగ్గరే నెలరోజులు ఆగాడు.

కళ్లు తిరిగితే వెంటనే కూర్చోండి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు, మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు మొదలుపెట్టే ముందే డాక్టర్‌ను అడగాలి. పక్కన ఇంట్లోవాళ్లు ఒకరుంటే మంచిది.

బాత్రూంలో పట్టుకునే కడ్డీ కూడా బిగించండి. మా ఇంట్లో దాని మీద తువ్వాళ్లు ఆరేస్తున్నారు, అది వేరే సంగతి.