చెట్టు రంపం నేర్చుకుందాం – 3వ భాగం: చిన్న మిషనా, పెద్ద మిషనా?

పోయిన భాగంలో హెల్మెట్, చెవుల మఫ్స్, గట్టి బూట్లు, కాళ్ళకి వేసుకునే ప్యాడ్ ప్యాంటు గురించి చెప్పుకున్నాం కదా, అవి కొన్నాకే మిషన్ సంగతి అన్నాను, ఇప్పుడు మిషన్, అంటే ఇంజన్‌తో తిరిగే చెయిన్ రంపం (చెయిన్‌సా) దగ్గరికి వచ్చాం. అందరూ అడిగేది ఒకటే, చిన్నది కొనాలా పెద్దది కొనాలా అని. నా జవాబు ముందే చెప్పేస్తా. ఇంటి వాడకానికి, ఊరి బయట అరెకరం ఎకరం ఫామ్‌హౌస్‌కి, చిన్న మామిడి తోటకి చిన్నదే చాలు. ఎందుకు చాలు, ఎవరికి చాలదు అనేది తెలిస్తే షాపులో ఎవరేం చెప్పినా మీరు తడబడరు, ఈ పాఠం అందుకే.

సికింద్రాబాద్ రాణీగంజ్‌లో మెషినరీ షాపుల దగ్గర కాసేపు నిలబడితే ఈ సీన్ కనిపిస్తుంది. ఒకాయన వస్తాడు, "అన్నా, అన్నిట్ల పెద్దది ఏదుంది?" అంటాడు. షాపాయన 58 సీసీ, 22 ఇంచుల బార్ ఉన్న ఆరెంజ్ కలర్ మిషన్ కౌంటర్ మీద పెడతాడు. "ఇంతకీ దేనికన్నా?" అని అడిగితే "ఇంటెన్క మునగచెట్టు జర పెద్దగైంది" అంటాడు. మునగచెట్టు! గాలి కొంచెం గట్టిగా వీస్తే దానంతట అదే విరిగిపోయే కొమ్మలవి, దానికి 22 ఇంచుల రంపం! ఆ చెట్టుకి కత్తి చాలు, కాయలు కోసేటప్పుడు మనిషి కొమ్మ ఎక్కితే ఆ కత్తి కూడా అక్కర్లేదు, కొమ్మా మనిషీ కలిసే కిందికొస్తారు.

సరే, డబ్బా మీద రెండు నంబర్లు ఉంటాయి, ముందు అవి చదవడం నేర్చుకుందాం. సీసీ అంటే ఇంజన్ సైజు, మన బైకులకి చెప్పుకునే సీసీయే. ఇంచులు అంటే బార్ పొడవు, బార్ అంటే చెయిన్ దేని చుట్టూ తిరుగుతుందో ఆ ఇనుప పట్టీ. 30 నుంచి 40 సీసీ దాకా చిన్నవి, వాటికి 12 నుంచి 16 ఇంచుల బార్. 45 నుంచి 55 మధ్యవి మీడియం. 60 దాటాయంటే పెద్దవి, 20 ఇంచులు ఆ పైన. ఒకే కంపెనీలో చూడాలంటే స్టిల్ ఎంఎస్ 170 మోడల్ 30.1 సీసీ, ఎంఎస్ 382 మోడల్ 72.2 సీసీ, అంటే రెండు రెట్లకి పైనే తేడా. ఇంకో మాట, బార్ పొడవు కొలిచేటప్పుడు మిషన్ బాడీ ముందు నుంచి బార్ మూతి దాకానే కొలవాలి, లోపల ఉన్న ముక్క లెక్కలోకి రాదు.

కొంతమంది తెలివిగా ఇంజన్ చిన్నది తీసుకుని దానికి పొడుగు బార్ వేయించుకుందాం అంటారు, అది వద్దు, ఆటో ట్రాలీ మీద డీసీఎం లోడు ఎక్కించినట్టే అవుతుంది. పొడుగు బార్ అంటే పొడుగు చెయిన్, కర్రలో ఒకేసారి ఎక్కువ పళ్ళు దిగుతాయి, వాటన్నిటినీ లాగాలంటే దమ్ము కావాలి, అది లేకపోతే చెయిన్ స్లో అయి, క్లచ్ జారి వేడెక్కి, చివరికి మీరే మిషన్ మీద బరువేసి నొక్కడం మొదలుపెడతారు. రంపం మీద బరువేసి నొక్కాల్సి వస్తోందంటే ఏదో తప్పు జరుగుతోందని అర్థం, పదునున్న చెయిన్ సరైన ఇంజన్ మీద ఉంటే దానంతట అదే కర్రలోకి దిగుతుంది.

ఇప్పుడు అసలు లెక్క. మీరు కోయబోయే చెట్టు మందం ఎంతో కళ్ళతో అంచనా వేయకండి, కళ్ళు ఎప్పుడూ ఎక్కువే చెప్తాయి. టైలర్ టేపు తీసుకుని కొమ్మ చుట్టూ కొలవండి, వచ్చిన ఇంచుల్ని 3.14తో భాగించండి, అదే అడ్డం మందం. చుట్టూ 44 ఇంచులు వచ్చిందనుకోండి, మందం 14 ఇంచులు. దానికి ఒక రెండు ఇంచులు కలిపితే 16, అదే మీకు హాయిగా సరిపోయే బార్. అలా మీ దగ్గరున్న చెట్లన్నీ కొలిచి ఒక కాగితం మీద రాసుకోండి, ఎక్కువసార్లు ఏ సైజు వస్తుందో చూడండి, మిషన్ ఆ సైజుకి కొనాలి. కాంపౌండ్ మూల ఒక పెద్ద నిద్రగన్నేరు ఉంటుంది, ఏదో ఒకరోజు పడితే దాన్ని ఎవరు కోస్తారు అని దాని కోసమే అందరూ పెద్ద మిషన్ కొంటారు, ఆ చెట్టేమో తర్వాతి తరానిక్కూడా నీడనిచ్చుకుంటూ నిలబడే ఉంటుంది, ఇక్కడ రోజూ 5 ఇంచుల కొమ్మలకి 8 కిలోల మిషన్ మోసుకుంటూ తిరుగుతారు. ఒకవేళ నిజంగానే లావు మొద్దు నేల మీద పడి ఉన్నా, అటొకసారి ఇటొకసారి రెండు వైపుల నుంచి కోస్తే 14 ఇంచుల బార్‌తో 20 ఇంచుల మొద్దు కూడా తెగుతుంది. అది చేయి తిరిగాక చేసే పని, ఇప్పుడే వద్దు, తర్వాతి భాగాల్లో వస్తుంది.

మందం ఒక్కటే చూస్తే కూడా సరిపోదు, కర్ర ఏ జాతిదో చూడాలి. హైదరాబాద్ కాలనీల్లో గాలివానకి ఎక్కువగా విరిగిపడే గుల్మొహర్ కర్ర మెత్తన, చిన్న మిషన్ గబగబా తినేస్తుంది. వేప మధ్యరకం. చింత, నల్లతుమ్మ మాత్రం గట్టివి, ఎండిపోతే ఇంకా మొండివి. చింత ఎంత గట్టిదో తెలియాలంటే మటన్ షాపులో మొద్దు చూడండి, మటన్ కొట్టే మొద్దు మామూలుగా చింతదే ఉంటుంది, బక్రీద్ ముందు మన సిటీలో రోడ్ల పక్కన అవే అమ్ముతారు, రోజంతా కత్తి దెబ్బలు పడుతున్నా ఏళ్ళ తరబడి నిలబడే కర్ర అది. మీ పొలంలో ఎండు తుమ్మలు, చింత కొమ్మలే ఎక్కువ ఉన్నాయంటే చిన్న మిషన్ వదిలేసి 45, 50 సీసీ వైపు రండి, అది నేనే చెప్తా. అయితే కర్ర గట్టిదని ఇంచులు పెంచొద్దు, సీసీ పెంచండి, బార్ 16 దగ్గరే ఉంచండి.

బరువు సంగతి చాలామంది పట్టించుకోరు, నాకైతే ఇదే అన్నిటికంటే ముఖ్యం. షాపులో చెప్పే బరువు బార్, చెయిన్, పెట్రోల్, ఆయిల్ ఏవీ లేకుండా చెప్పేది. 30 సీసీ మిషన్ 4 కిలోలు అంటారు, అన్నీ వేశాక 5 దగ్గరికి వస్తుంది. 70 సీసీది 6 కిలోల చిల్లర అంటారు, అన్నీ నింపి 20 ఇంచుల బార్ వేస్తే 8 దాటుతుంది. దీనికి ఇంట్లోనే ఒక ప్రాక్టీస్ ఉంది. 5 కిలోల బియ్యం బ్యాగు రెండు చేతులతో నడుము ఎత్తులో, ఒంటికి కొంచెం ఎడంగా పట్టుకుని పది నిమిషాలు నిలబడండి, మధ్యలో వంగండి, లేవండి, పక్కకి తిరగండి. తర్వాత దానికి ఇంకో 3 కిలోలు కలిపి అదే చేయండి. ఇంట్లోవాళ్ళు చూసి "ఏమైంది మీకు?" అంటారు, పర్లేదు, మిషన్ కొంటున్నా అని చెప్పండి, అప్పుడు ఇంకా ఎక్కువ భయపడతారు. చేతులు వణకడం ఎక్కడ మొదలైందో గుర్తుపెట్టుకోండి. ఆ వణుకుతో చెయిన్ తిరుగుతున్న మిషన్ పట్టుకోకూడదు. అలిసిపోయిన చేతుల్లో బార్ మూతి కిందికి వాలిపోతుంది, మీరు చూడని ఇంకో కొమ్మకి తగులుతుంది. మూతి పైభాగం దేనికైనా తగిలితే రంపం ఒక్కసారిగా మీ ముఖం వైపు ఎగిరి వస్తుంది, కిక్‌బ్యాక్ అంటే అదే, తప్పుకునే టైమ్ ఉండదు.

ఇక పదును. రంపం చెయిన్ మీద ఒక పన్ను ఎడమకి, ఒక పన్ను కుడికి ఎందుకు ఉంటాయో చూడండి. అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రంలో జోసెఫ్ కాక్స్ అని చెట్లు కొట్టే పని చేసే ఆయన 1946లో ఒక మొద్దు మీద పురుగు పిల్ల కర్ర తింటుంటే గమనించాడు, అది ఎదురుగా కాకుండా ఎడమకోసారి కుడికోసారి దవడ కదుపుతూ కర్రలోకి దూసుకుపోతోంది. దాన్ని చూసే ఆయన కొత్త రకం చెయిన్ తయారుచేశాడు, ఇప్పుడు మనం వాడే చెయిన్లకి మూలం అదే. ఒక పురుగు పని చేసే తీరుని ఓపిగ్గా కూర్చుని చూసినందుకు ప్రపంచమంతా రంపాలు మారిపోయాయి, నాకు ఈ కథ ఎన్నిసార్లు తలుచుకున్నా ఇష్టమే.

ఆ పళ్ళన్నిటికీ పదును పెట్టాల్సింది మీరే. 14 ఇంచుల చిన్న చెయిన్‌కి మామూలుగా 25 పళ్ళు, 58 సీసీ మిషన్ల మీద వచ్చే 22 ఇంచుల చెయిన్‌కి 43 పళ్ళు. ఒక్కో పన్నుకి రెండు మూడు సార్లు రౌండ్ ఫైల్ (గుండ్రటి ఆకురాయి) తొయ్యాలి. అది కూడా మన సిటీలో తరచుగా చేయాల్సిన పని, ఎందుకంటే ఇక్కడ రోడ్డు పక్క చెట్టంటే సగం కర్ర సగం ఇనుము. టు-లెట్ బోర్డు మేకు, ట్యూషన్ బోర్డు మేకు, మొలల వైద్యం బోర్డు మేకు, వినాయక చవితికి లైట్లు కట్టిన తీగ, కేబుల్ వాళ్ళు చుట్టి మర్చిపోయిన వైరు, ఇవన్నీ బెరడు లోపలికి వెళ్ళిపోయి పైకి కనపడవు. ఒక్క మేకు తగిలితే పళ్ళు మొండి. పైగా నేలంతా రాయి, కింద పడ్డ కొమ్మని కోసేటప్పుడు చెయిన్ రాతికి తగిలినా అంతే. పదును పోయిందని పొట్టు చూస్తే తెలుస్తుంది, పదునుంటే పెచ్చులుగా రాలుతుంది, లేకపోతే పిండిలా వస్తుంది. పిండి వస్తున్న పెద్ద మిషన్ కంటే పెచ్చులు రాలుస్తున్న చిన్న మిషన్ ముందు పని ముగిస్తుంది.

చిన్నదే కొనండి అన్నాను కదా అని ఇంకో వైపు పోకండి. పైన హ్యాండిల్ ఉండే బుల్లి మిషన్లు షాపులో ముద్దుగా కనిపిస్తాయి, చేతిలో తేలిగ్గా ఉంటాయి, కానీ అవి తాడు కట్టుకుని చెట్టెక్కి కోసే ట్రైనింగ్ ఉన్నవాళ్ళ కోసం చేసినవి. రెండు చేతులూ దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి కిక్‌బ్యాక్ వస్తే ఆపడం ఇంకా కష్టం. అవి మనకొద్దు. 4, 6 ఇంచుల బ్యాటరీ మినీ రంపాలు జామ, కరివేపాకు, మందార కొమ్మలకి నిజంగానే బాగుంటాయి, కానీ ఒక చేత్తో మిషన్, ఇంకో చేత్తో కొమ్మ పట్టుకుని కోస్తారు చూడండి, వేళ్ళు పోయేది అక్కడే. రెండో చెయ్యి ఎప్పుడూ కోసే చోటికి దూరంగా ఉండాలి.

అపార్ట్‌మెంట్ సెల్లార్ పక్కన చెట్లకైతే కరెంటు మిషన్ కూడా చూడొచ్చు, 16 ఇంచులది దాదాపు 2000 వాట్లు లాగుతుంది, మామూలు 6 ఆంప్స్ సాకెట్‌లో పెట్టొద్దు, గీజర్ పెట్టే 16 ఆంప్స్ సాకెట్ కావాలి, ఎక్స్‌టెన్షన్ వైరు కూడా లావుది ఉండాలి. వాన పడుతుంటే ముట్టుకోవద్దు.

పెద్ద మిషన్ ఎవరికి మరి? టింబర్ డిపోలో రోజూ మొద్దులు ముక్కలు చేసేవాళ్ళకి, గాలివాన తర్వాత రోడ్డుకి అడ్డంగా పడ్డ నిద్రగన్నేర్లు తీసే వాళ్ళకి, అదే జీవనాధారంగా ఉన్నవాళ్ళకి పెద్దదే ఉండాలి, చిన్నదాంతో ఆ పని చేస్తే మిషనూ పోతుంది మనిషీ అలిసిపోతాడు. మీకు ఏడాదికి ఒక పెద్ద మొద్దు వస్తే మాత్రం మిషన్‌తో సహా వచ్చే మేస్త్రిని పిలిచి డబ్బులివ్వండి, పక్కన నిలబడి ఆయన కాళ్ళు ఎక్కడ పెడుతున్నాడో చూసి నేర్చుకోండి. కరెంటు తీగల మీద పడ్డ చెట్టు జోలికి ఏ సైజు మిషన్‌తోనూ వెళ్ళొద్దు, కరెంటు ఆఫీసుకి ఫోన్ చేయండి. నిలబడి ఉన్న చెట్టు మీ స్థలంలోదే అయినా కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం పర్మిషన్ ఉండాలి, కొన్ని జాతులకి మినహాయింపు ఉంటుంది, ముందు ఫారెస్ట్ ఆఫీసులో కనుక్కోండి.

వచ్చే భాగానికి హోంవర్క్. టేపుతో కొలిచిన కాగితం, జాతి పేర్లతో సహా రెడీగా పెట్టుకోండి. షాపుకి వెళ్తే 30, 45, 60 సీసీ మూడు రకాలూ బార్, చెయిన్ వేయించి ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని చూడండి, స్టార్ట్ చేయొద్దు, కొనొద్దు. చెయిన్ పిచ్, అంటే చెయిన్ లింకుల మధ్య దూరం ఎంతో అడిగి రాసుకోండి, చిన్నవాటికి ఎక్కువగా 3/8 ఇంచుల "లో ప్రొఫైల్" (ఎత్తు తక్కువ) చెయిన్ ఉంటుంది, దానికి 4 మిల్లీమీటర్ల రౌండ్ ఫైల్ కావాలి, .325 ఇంచులు అయితే 4.8 మిల్లీమీటర్లది. నాలుగో భాగం మొత్తం ఆ ఫైల్‌తోనే పని, అది మాత్రం ఇప్పుడే కొనేయండి.