జర్మన్ డబుల్ బ్యారెల్ ఎవరు చేశారో తెలియడం లేదా? ముందు బ్యారెళ్లు విప్పి కింద చూడండి

పాత జర్మన్ తుపాకి ఏ కంపెనీదని అడిగేవాళ్లలో చాలామంది పంపేది ఒకే రకం ఫొటో. పక్కన చెక్కిన వేటకుక్క, పిట్టలు, ఆకులు, తీగలు. అది చూసి చేసినవాళ్ల పేరు ఎవరూ చెప్పలేరు. అలాంటి చెక్కుడు పని అక్కడ వందల చేతుల మీదుగా నడిచింది. అసలు సమాచారమంతా బ్యారెళ్ల అడుగున ఉంటుంది, తుపాకి మూసి ఉన్నంతసేపూ అది కనపడదు. ఇదొక్కటి చూస్తే సగం ప్రశ్నలు అక్కడే తీరిపోతాయి, కానీ ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువమంది వదిలేసేది దీన్నే.

తూటాలు లేవని చూసుకుని, లైసెన్సు ఉన్నాయన చేతుల్లోనే, ముందు చెక్క తీసి బ్యారెళ్లు విడదీయండి. వెనక చివర చదునుగా ఉన్న భాగం, దాని పక్కన కొక్కేల చుట్టూ, ముందు చెక్క కింద దాక్కునే భాగం, ఆ చెక్క లోపలి ఇనుము, అన్నీ ఫొటో తీయండి. చుక్క నూనె వేసి పాత టూత్‌బ్రష్‌తో మురికి తీసి, టార్చ్ పక్క నుంచి వేస్తే అక్షరాలు లేచి కనపడతాయి. ఉప్పుకాగితం, ఇనుప పీచు దగ్గరికి కూడా తేవద్దు. ఒక్కసారి గీకేశాక ఆ గుర్తులు మళ్లీ రావు.

"క్రుప్ అని రాసి ఉంది, మూడు ఉంగరాల బొమ్మ కూడా ఉంది"

ఇది క్రుప్ తుపాకి కాదు. ఎస్సెన్ నగరంలోని క్రుప్ ఉక్కు కంపెనీ. ఒకదానిలో ఒకటి చిక్కుకున్న మూడు ఉంగరాలు 1875 నుంచి వాళ్ల ట్రేడ్‌మార్క్, రైలు చక్రాల చుట్టూ తొడిగే, అతుకు లేని ఉక్కు టైర్ల గుర్తుగా పెట్టుకున్నారు. తుపాకులు చేసేవాళ్లు బ్యారెల్ ఉక్కు అక్కణ్నుంచి కొన్నారు, పేరున్న ఉక్కు కాబట్టి గొప్పగా బ్యారెల్ మీద చెక్కించారు. మన దగ్గర కొన్ని డీబీబీఎల్ (వెనక నుంచి తూటా వేసే డబుల్ బ్యారెల్) లైసెన్సు పుస్తకాల్లో కూడా తయారీదారు దగ్గర క్రుప్ అనే ఎక్కి ఉండటం చూశాను. బ్యోలర్, బిస్మార్క్‌హ్యుటె, విటెన్ అని ఉన్నా సంగతి ఇదే, అవన్నీ ఉక్కు పేర్లు.

ఇంకో సంగతి, క్రుప్ ఉక్కు ఉన్నంత మాత్రాన తుపాకి జర్మన్‌ది కూడా కాకపోవచ్చు. బెల్జియంలోని లీజ్ వాళ్లు కూడా అదే ఉక్కు వాడారు. కోడిగుడ్డు ఆకారం గీతలో ఈఎల్‌జీ అని కనపడితే అది లీజ్‌లో పరీక్ష అయిన తుపాకి, జర్మనీలో వెతకడం ఆపేయండి.

"కింద పొడి అక్షరాలు ఉన్నాయి, యు, ఎస్, డబ్ల్యూ"

అక్షరం పైన కిరీటం ఉందా? ఉంటే అవి ఎవరి పొడి అక్షరాలూ కావు, ప్రభుత్వ పరీక్ష గుర్తులు. 1891లో చేసిన జర్మన్ చట్టం 1893 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. కిరీటం కింద బి అంటే పేల్చి పరీక్షించినది, యు అంటే తనిఖీ అయినది, ఎస్ చిన్న గుళ్ల బ్యారెల్, డబ్ల్యూ చోక్ ఉన్న, అంటే మూతి దగ్గర లోపల కాస్త సన్నబడే బ్యారెల్, జి లోపల గాడులు ఉన్న రైఫిల్ బ్యారెల్. వి ఉంటే చట్టం వచ్చేనాటికే తయారై స్టాకులో ఉన్న తుపాకి అని అర్థం, కాలం చెప్పడానికి దీనికి మించిన ఆధారం దొరకదు. గద్ద కింద ఎన్ ఉంటే 1940 ఏప్రిల్ తర్వాత పరీక్ష అయినది. ఏ గుర్తూ లేకపోతే కంగారు పడొద్దు, 1893కి ముందు దేశమంతటా తప్పనిసరి పరీక్ష లేదు.

13/1 లాంటి అంకె తేదీ కాదు, బ్యారెల్ లోపలి కొలత. 8.27 లాగా ఉంటే మాత్రం అది నెల, సంవత్సరం అవ్వొచ్చు, జర్మనీలో తుపాకులకు పేరున్న సూల్ పట్టణంలో 1920లు, 30ల తుపాకుల మీద అలా కొట్టారు. అంటే 1927 ఆగస్టు.

పేరనుకుని మోసపోయేవి ఇంకా కొన్ని ఉన్నాయి. "గెస్. గెష్." మనిషి పేరు కాదు, చట్టరక్షణ ఉందని చెప్పే పొట్టి రాత. "ఆన్సన్ అండ్ డీలీ" 1875లో ఇంగ్లండ్‌లో పేటెంట్ తీసుకున్న యంత్రాంగం, దాన్ని జర్మనీ అంతా వాడారు. డీఆర్‌పీ పక్కన నంబరు ఉంటే అది పేటెంట్ నంబరు, జర్మన్ పేటెంట్ ఆఫీసు వాళ్ల ఆన్‌లైన్ భండారంలో 1877 నుంచీ పేటెంట్లు ఉన్నాయి, వెతికితే దొరుకుతుంది, కానీ దొరికేది పేటెంట్ యజమాని పేరు. నిమ్రోడ్ మాత్రం పనికొచ్చే పేరే, సూల్‌లోని థీమె అండ్ ష్లేగెల్మిల్ష్ వాళ్ల బ్రాండ్ అది.

"పేరు, ఊరు స్పష్టంగా ఉన్నాయి, అయినా ఆ కంపెనీ ఎక్కడా దొరకడం లేదు"

అసలు చిక్కు ఇక్కడే ఉంది. బాగా తెలిసినవాళ్లు కూడా ఇందులో పడతారు, ఎందుకంటే సమాధానం చేతికి అందినట్టే కనపడుతుంది. రెండు బ్యారెళ్ల మధ్య పట్టీ మీద బంగారు అక్షరాల్లో ఒక పేరు, పక్కన లైప్‌జిగ్ అనో, బెర్లిన్ అనో, కొలోన్ అనో ఉంటుంది. ఆయన నిజమైన మనిషే, తుపాకులు చేయడం నేర్చినవాడే, ఆ ఊళ్లో షాపూ ఉండేది. కానీ చాలాసార్లు ఆ తుపాకి ఆయన చేసింది కాదు. హైదరాబాద్ షాపులో కొన్న పోచంపల్లి చీర మీద షాపు లేబుల్ ఉన్నట్టే ఇదీ.

చేసిన చోటు ఎక్కువగా తురింగియా అడవి ప్రాంతం, సూల్ పట్టణం, దాని పక్కనే త్సెల్లా-మేలిస్. ఈ రెండో ఊరు 1919లో త్సెల్లా సాంక్ట్ బ్లాసీ, మేలిస్ కలిసి ఏర్పడింది, కాబట్టి తుపాకి మీద పాత పేరు ఒంటరిగా కనపడితే అది 1919కి ముందుదని అనుకోవచ్చు. అక్కడ పని ఒకే కప్పు కింద జరగలేదు. బ్యారెల్ గొట్టాలు చేసేవాడొకడు, వాటిని జతచేసి అతికేవాడొకడు, యంత్రాంగాన్ని ఆకురాయితో అరగదీసి కూర్చేవాడొకడు, చెక్క పనివాడు, చెక్కుడు పనివాడు, ఎవరి ఇంట్లో వాళ్లు, ఎవరి చిన్న షెడ్డులో వాళ్లు చేసేవాళ్లు, తుపాకి ఒక చేతి నుంచి ఇంకో చేతికి వెళ్లేది. దాన్ని పూర్తిగానో, సగం తయారీలోనో కొన్న పట్నం షాపు యజమాని తన పేరు చెక్కించుకుని అమ్మేవాడు. ఇందులో మోసం ఏమీ లేదు. కొన్నవాడికి ఆయనే జవాబుదారీ, పాడైతే బాగుచేసేదీ ఆయనే.

మరి ఏం చేయాలి? పట్టీ మీది పేరును అమ్మినవాడి పేరుగా పక్కన రాసుకుని, కిందికి రండి. కిరీటం లేని చిన్న పొడి అక్షరాలు, రెండో మూడో, బ్యారెళ్ల అడుగున ఉన్నాయేమో చూడండి. ఉంటే అవి చాలావరకు బ్యారెల్ చేసినవాడివి. అవి దొరికాయని తుపాకి మొత్తం ఆయన ఖాతాలో వేయకండి, ఆయన బ్యారెల్ వరకే. తర్వాత ట్రేడ్‌మార్క్ బొమ్మ. దుడ్డుకర్ర పట్టుకున్న అడవిమనిషి కనపడితే జే.పీ. జౌవర్ అండ్ జోన్, సూల్‌లో 1751లో మొదలైన సంస్థ, ఇక సందేహం అక్కర్లేదు. ఆపైన పట్టీ మీది షాపు చిరునామా. జర్మన్ నగరాల పాత అడ్రస్ పుస్తకాలు చాలావరకు స్కాన్ చేసి పెట్టారు, ఆ షాపు ఆ వీధిలో ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు ఉందో వాటిలో తెలుస్తుంది. దాన్ని పరీక్ష గుర్తుల కాలంతో కలిపి చూస్తే తుపాకి వయసు బాగా దగ్గరగా తేలుతుంది.

ఇంత చేశాక వచ్చే జవాబు ఒక్కోసారి ఇలా ఉంటుంది: "సూల్ పని, 1920ల చివరిది, బ్యారెళ్లు ఫలానా పొడి అక్షరాలవాడివి, అమ్మింది లైప్‌జిగ్ షాపు." చాలామంది దీనికి నిరాశపడి, ఒక్క పేరు చెప్పండని మళ్లీ అడుగుతారు. ఉన్న నిజం ఇదే, అంతకుమించి పేరు అతికిస్తే అది కల్పన. అమ్మేటప్పుడు ధర పెంచడానికి పెద్ద పేరు తగిలించేవాళ్లున్నారు, కొనేవాళ్లు బ్యారెల్ కింద ఫొటో అడగకుండా డబ్బు ఇవ్వొద్దు.

మన వైపు తుపాకుల్లో దీని మీద ఇంకో పొర ఉంటుంది. పట్టీ మీద కలకత్తా, బొంబాయి డీలర్ల పేర్లు ఉండొచ్చు. స్థానిక వ్యాపారి పేరుతో వచ్చే దిగుమతి సరుకు మీద పుట్టిన దేశం ఉండాలన్న చట్టం బ్రిటన్‌లో 1887లో, మన దగ్గర 1889లో వచ్చింది, అందుకే ఎక్కడో ఒక మూల చిన్నగా జర్మనీ అని ఉందేమో చూడండి. ఉంటే డీలర్ పేరు చూసి ఇంగ్లీషు తుపాకి అనుకోవడం తప్పుతుంది.

"మెర్కెల్ అని ఉంది, చాలదా?"

చాలదు. గెబ్రూడర్ మెర్కెల్ వేరు, ఆస్కార్ మెర్కెల్ వేరు. సూల్‌లో ఒకే ఇంటిపేరుతో చాలామంది ఉన్నారు, ముందున్న పేరు, పొడి అక్షరాలు పూర్తిగా చదవండి. కొన్నిసార్లు ఒకే ఫ్యాక్టరీకి పేర్లు మారాయి. 1856లో మొదలైన సింసన్‌ను 1930ల మధ్యలో నాజీలు ఆ యూదు కుటుంబం నుంచి లాక్కున్నారు, తర్వాత అది బీఎస్‌డబ్ల్యూ అయింది, ఆపైన గుస్ట్లోఫ్ అయింది. పేరు మారిందని వేరే కంపెనీ అనుకోవద్దు, పేరే కాలం చెబుతుంది.

మిగతావి అరుదు. బ్యారెళ్ల మీది నంబరు, యంత్రాంగం మీది నంబరు కలవకపోతే బ్యారెళ్లు మార్చి ఉంటారు, రెండింటినీ విడివిడిగా చూడండి. గుర్తులు అరిగిపోయి ఉంటే ముందు చెక్క లోపలి ఇనుము చూడండి, అక్కడ అరుగుదల తక్కువ. ఒట్టి సీరియల్ నంబరు పెట్టి సంవత్సరం అడగొద్దు, చేసిన సంస్థ తేలాకే ఆ నంబరుకు అర్థం. ఇక పేల్చే ఆలోచన ఉంటే, పేరు తెలిసినా తెలియకపోయినా, తూటా గది పొడవు 65 మిల్లీమీటర్లా 70 మిల్లీమీటర్లా అన్నది లైసెన్సున్న గన్‌స్మిత్‌తో కొలిపించండి, పాత జర్మన్ వాటిలో 65 చాలా మామూలు, ఇప్పటి 70 తూటా అందులో వేయకూడదు.