అడవి లెక్క – 4వ పాఠం: ముందు తొర్ర చెట్టు, తర్వాతే టేకు

పోయిన పాఠంలో చెట్టు చుట్టుకొలత తీయడం నేర్చుకున్నాం కదా, నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో, టేపు వంకర పోకుండా. ఈసారి అదే టేపు పట్టుకుని టేకు తోటలోకి పోదాం. తోటను పలచన చేసే ముందు, అంటే మిగతావి బాగా పెరగాలని కొన్ని చెట్లు తీసేసే ముందు, ఏ చెట్టును ముట్టుకోవద్దో తేల్చుకోవడమే మన పని. రిజర్వ్ అడవైతే అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌ను అడిగి, ఆయన్ను వెంటబెట్టుకునే పోవాలి. సుద్దతో గుర్తు పెట్టడం వరకే మన వంతు, గొడ్డలి ఇంట్లోనే ఉండాలి.

మధ్యలో కర్ర పాతి, 17.84 మీటర్ల తాడు కట్టి చుట్టూ తిరగండి. లోపలున్నది 0.1 హెక్టారు, మన లెక్కలో దాదాపు 10 గుంటలు. కాండం సగానికి పైగా తాడు లోపలుంటే లెక్కలోకి వస్తుంది, లేదంటే వదిలేయండి. నేను మొదటిసారి నైలాన్ తాడు తీసుకుపోయా, లాగితే సాగింది, పొద్దంతా రాసింది కొట్టేసి మళ్లీ మొదలు. 2 మీటర్ల ఎడంతో నాటిన తోటైతే ఆ వలయంలో మొదట 250 మొక్కలుండాలి. ఇప్పుడెన్ని మిగిలాయో రాసుకోండి.

ఇక అసలు సంగతి. దసరా నాడు జమ్మి దగ్గరికి పోతూ పాలపిట్ట కోసం తలెత్తి చూస్తాం, మన తెలంగాణ రాష్ట్ర పక్షి కూడా అదే, కానీ దానికి చెట్టును తొలిచే ముక్కు లేదు. వడ్రంగి పిట్ట తొలిచి వదిలేసిందో, కొమ్మ విరిగి పుచ్చిపోయిందో, అలాంటి తొర్ర దొరికితేనే గుడ్లు పెడుతుంది. రామచిలుక, గోరింక, పైడికంటె (చిన్న గుడ్లగూబ) కూడా అంతే. మనమేమో పలచన చేయడం అనగానే మొదట పుచ్చు చెట్టునే కొడతాం, "ఎందుకూ పనికిరాదు" అని! అందుకే మొదటి గుర్తు తొర్ర చెట్టుకే పెట్టండి. నిలువునా ఎండిన చెట్టును కూడా ఉంచండి, అయితే అది బాట మీదికి పడేలా ఉంటే మాత్రం పిట్ట కన్నా మనిషి ముఖ్యం, తీసేయమని చెప్పండి.

రెండో గుర్తు కూడా ఉంచాల్సినవాటికే, టేకు కాని చెట్లకు: ఇప్ప, తునికి, నల్లమద్ది, జువ్వి. వీటిలో జువ్వికి గుర్తు పెట్టడం అసలు మరవొద్దు, వేరే చెట్లకు కాయ లేని రోజుల్లోనూ ఒక్కోసారి అది పండ్లతో నిండి ఉంటుంది.

ఈ రెండూ అయ్యాకే టేకు వైపు తిరగండి. పక్క చెట్ల నీడలో నలిగిపోయినవి, వంకర పోయినవి తీసేయాల్సినవిగా వేరే గుర్తుతో రాసుకోండి, అందులోనూ తొర్ర ఉంటే కొట్టేయండి, అంటే చెట్టును కాదు, జాబితాలో దాని పేరును.

వచ్చే పాఠానికి మూడు వలయాల లెక్క తెండి. నేల మీద పడి ఉన్న దుంగల్ని కూడా పొడవు, లావుతో సహా రాయండి. 2024 ఆగస్టు చివర్లో ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో గాలికి వేల చెట్లు కూలాయి కదా, అలా పడినవాటిలో ఎన్ని అక్కడే ఉంచాలో ఆ లెక్కతోనే మొదలుపెడదాం.